పడమటి ప్రకాశం ఇట్లా ఉండిపోవడానికి తప్పు నాయకులదా, మనదా?

కంభంచెరువు
2024 నవంబర్ 9, రాత్రి 9:10

మొన్న మార్కాపురంలో వెలిగొండ ప్రాజెక్టు మీద ఒక సమావేశం పెట్టారు. వంద కుర్చీలు వేస్తే సగం ఖాళీ. కూర్చున్న సగంలో కూడా చాలామంది మైకు కోసం వచ్చినవాళ్లే. అదే వారం ఒక నాయకుడి పుట్టినరోజుకి బైకుల ర్యాలీ తీస్తే బస్టాండు రోడ్డు రెండు గంటలు ఆగిపోయింది. అది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఈ సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద సముద్రంలోకి పోయింది. అంతకుముందు శ్రీశైలం గేట్లు ఎత్తి రోజుల తరబడి నీళ్లు వదిలారు. అదే శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద మనకోసం తవ్విన వెలిగొండ సొరంగాలు రెండున్నాయి. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. రెండూ పారితే రోజుకి ఒక టీఎంసీ వస్తుంది. నెలన్నర వరద ఉంటే చాలు, మన 43.5 టీఎంసీలు మనకొస్తాయి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4 లక్షల 47 వేల ఎకరాలకి సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు. 1996లో శంకుస్థాపన. ఈ మార్చి 6న జాతికి అంకితం. చుక్క నీళ్లు రాలేదు.

డెల్టాలో కాలవకు వారం ఆలస్యంగా నీళ్లు వదిలితే రైతులు రోడ్డు మీద కూర్చుంటారు. మనం 28 ఏళ్లు ఊరుకున్నాం. ఎమ్మెల్యేలు మారారు, ముఖ్యమంత్రులు మారారు, మన తీరు మాత్రం మారలేదు. నాయకులు మోసం చేశారని అందరం అంటాం. అడగని వాడిని ఎవరు పట్టించుకుంటారు? నా ఉద్దేశంలో తప్పు మనదే. మీ మాట చెప్పండి.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 9, రాత్రి 9:48

మాస్టారూ, జనానికి పట్టదు అనే మాట ఒప్పుకోను. మొన్నటి ఎన్నికల్లో దర్శిలో పోలింగ్ 90 శాతం దాటింది. రాష్ట్రంలోనే ఎక్కువ. ఎండలో రాత్రి దాకా లైన్లో నిలబడ్డవాళ్లకి పట్టకపోవడమేంటి? గిద్దలూరు చూడండి. 2019లో ఒక పార్టీకి 81 వేల మెజారిటీ ఇచ్చారు. 2024లో అదే గిద్దలూరు వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో అవతలి పార్టీని గెలిపించింది. చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్ని జనం వాడుతూనే ఉన్నారు. ఫలితం రాకపోతే అది వాళ్ల తప్పు ఎలా అవుతుంది?


పలకలబట్టీ
2024 నవంబర్ 9, రాత్రి 9:55

మార్కాపురం పలకలు దేశమంతా, విదేశాలకీ పోయాయి. ఆ దుమ్ము పీల్చిన వాళ్ల ఊపిరితిత్తుల గురించి మాత్రం ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు.


కంభంచెరువు
2024 నవంబర్ 9, రాత్రి 10:20

దర్శి తమ్ముడూ, 90 శాతం అంటున్నావు. అందులో హైదరాబాద్, బెంగళూరు నుంచి బస్సులు పెట్టి, ఛార్జీలు ఇచ్చి రప్పించినవాళ్లు ఎంతమంది? ఓటుకింత అని ఇంటింటికీ పంచింది లెక్కలో వేశావా? డబ్బు తీసుకుని వేసిన ఓటు పట్టింపు ఎలా అవుతుంది? అమ్ముకున్నాక మళ్లీ వెళ్లి అడిగే నోరు ఉండదు.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 9, రాత్రి 10:31

డబ్బు రెండు పక్కల వాళ్లూ ఇచ్చారు. ఇద్దరి దగ్గరా తీసుకుని తనకి నచ్చినవాడికి వేసినోడిని అమ్ముడుపోయాడని ఎలా అంటారు? డబ్బే గెలిపిస్తే గిద్దలూరులో 81 వేలు ఎందుకు కరిగిపోయినట్టు? దీనికి జవాబు చెప్పండి.


సాగునీటి_లెక్క
2024 నవంబర్ 9, రాత్రి 11:02

ముందు చరిత్ర సరిగా తెలుసుకుని మాట్లాడితే మంచిది. 1996 మార్చిలో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన రాయి వేశారు, అంతే. నిధులిచ్చి అసలు పని మొదలుపెట్టింది 2004 తర్వాత జలయజ్ఞంలో. మొదటి సొరంగం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వడానికి వీల్లేదు. చివర నుంచే యంత్రంతో తవ్వుకుంటూ రావాలి. రాయి పొర మారినప్పుడల్లా యంత్రం ఆగింది. కష్టం తెలియకుండా 28 ఏళ్లు అని అందర్నీ ఒకే గాటన కట్టకండి. ఎవరు తవ్వారో వాళ్ల పేరు చెప్పడం న్యాయం.


గుండ్లకమ్మ_గట్టు
2024 నవంబర్ 9, రాత్రి 11:09

సొరంగం తవ్వినవాళ్లకి గుండ్లకమ్మ రిజర్వాయర్ గేటు బాగుచేయడం ఎందుకు చేతకాలేదు? 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబర్ తుఫానులో ఇంకొకటి. నిండిన నీళ్లన్నీ సముద్రం పాలు. మల్లవరం వచ్చి చూడండి.


సాగునీటి_లెక్క
2024 నవంబర్ 9, రాత్రి 11:15

గుండ్లకమ్మ వేరే విషయం. ఇక్కడ వెలిగొండ గురించి మాట్లాడుతున్నాం. 1996 నుంచి 2004 దాకా ఎంత ఖర్చు పెట్టారో ఎవరైనా చెప్పండి.


పెన్న_ఒడ్డు
2024 నవంబర్ 10, ఉదయం 6:40

నేను నెల్లూరు డెల్టా రైతుని. బయటివాడిని అనుకోకపోతే ఒక మాట. మాకు సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు ఉన్నాయంటే ఊరికే రాలేదు. మద్రాసుకి తాగునీళ్లు ఇవ్వాలి కాబట్టి తెలుగుగంగ వచ్చింది, దాని పక్కన మా కాలవలూ నిలబడ్డాయి. ఐఏబీ (సాగునీటి సలహా మండలి) సమావేశం జరిగితే మా రైతులు కలెక్టరు ముందే కూర్చుని ఏ కాలవకి ఎన్ని రోజులో రాయించుకుని గానీ లేవరు. అధికార పార్టీ రైతు, ప్రతిపక్షం రైతు అక్కడ ఒకే బెంచీ మీద ఉంటారు. మీ పక్క నీళ్ల కోసం పోరాటం కన్నా ఎవడి పార్టీ గొప్ప అన్నదే ఎక్కువ కనిపిస్తోంది. ఈ పేజీలోనే చూడండి.


ఉదయగిరి_కొండ
2024 నవంబర్ 10, ఉదయం 7:25

పెన్న ఒడ్డు అన్నా, నేనూ నెల్లూరు జిల్లాదాన్నే. మాది ఉదయగిరి పక్క మెట్ట. సోమశిల మా జిల్లాలోనే ఉంది. మా కొండలకి ఏమొచ్చింది? హైలెవల్ కాలవ అని ఏళ్లుగా వింటున్నాం. మీరు బెంచీ మీద కూర్చుని రాయించుకున్నారంటే మీకు ముందే కాలవ ఉంది కాబట్టి. కాలవ లేనివాళ్లకి ఆ సమావేశంలో కుర్చీ కూడా ఉండదు. ఆయకట్టు ఉన్న రైతే రైతు అక్కడ.

జనానికి పట్టదు అన్న మాటకి నా జవాబు దూబగుంట. మా కలిగిరి మండలంలోని ఊరు. 1992లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఊరి నుంచి ఊరికి పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్లకి ఆస్తి లేదు, చదువు అప్పుడే మొదలైంది, పార్టీ లేదు. మెట్ట ప్రాంతపు వాళ్లకి అడగడం రాదని ఎవరూ అనకండి. తమ ఇంట్లో రోజూ జరిగే నష్టం అయితే అడుగుతారు. వెలిగొండ విషయంలో అట్లా ఎందుకు కాలేదో ఆలోచించాలి. జనాన్ని తిడితే జవాబు దొరకదు.


కంభంచెరువు
2024 నవంబర్ 10, ఉదయం 8:15

అమ్మా, దూబగుంట మాట గొప్పగా చెప్పారు. అయితే అది 32 ఏళ్ల కిందటి మాట. ఆ తర్వాత ఏది?

పెద్ద లెక్క ఒకటి చెప్తాను. 1970 ఫిబ్రవరి 2న మూడు జిల్లాల్లోంచి ముక్కలు తీసి మన జిల్లా చేశారు. మార్కాపురం, గిద్దలూరు పక్క కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, ఒంగోలు, చీరాల, అద్దంకి గుంటూరు నుంచి వచ్చాయి. మూడు జిల్లాల్లోనూ మనం మారుమూలే, కొత్త జిల్లాలోనూ మారుమూలే అయ్యాం. గిద్దలూరు నుంచి ఒంగోలు కలెక్టరాఫీసుకి అర్జీ పట్టుకుని పోవాలంటే పొద్దున బస్సెక్కితే తిరిగొచ్చేసరికి రాత్రి.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు వెనకబడిన జిల్లాలకి ఏడాదికి 50 కోట్ల చొప్పున ప్రత్యేక ప్యాకేజీ ఇచ్చారు. రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు, మొత్తం ఏడు జిల్లాలు. ప్రకాశం అందులో లేదు. కారణం సులువు. జిల్లా సగటు తీస్తే చీమకుర్తి గ్రానైటు, కోస్తా రొయ్యలు, ఒంగోలు వ్యాపారం అన్నీ కలిసి మనల్ని కూడా బాగున్నవాళ్లుగా చూపిస్తాయి. పెదచెర్లోపల్లిలో ఫ్లోరైడ్ నీళ్లు తాగే ముసలమ్మ ఆదాయం చీమకుర్తి క్వారీ యజమాని ఆదాయంతో కలిపి భాగించారు. అప్పుడు ఈ పడమటి మండలాల నుంచి ఒక్క బంద్ జరిగిందా? ఈ జులై కేంద్ర బడ్జెట్లో రాయలసీమ, ఉత్తరాంధ్రతో పాటు ప్రకాశం పేరు చదివారు. పదేళ్లు పట్టింది. అది కూడా మనం అడిగి తెచ్చుకున్నది కాదు.

దొనకొండ రాజధాని అన్నారు, పారిశ్రామిక కేంద్రం అన్నారు. బ్రిటిషువాళ్ల నాటి విమానాల రన్‌వే పక్కన గొర్రెలు మేస్తున్నాయి. పామూరు దగ్గర 14 వేల ఎకరాల్లో నిమ్జ్ అనే పెద్ద పరిశ్రమల మండలం అన్నారు. 2016లో ఒంగోలు పేరుతో ట్రిపుల్ ఐటీ ఇచ్చారు, సొంత క్యాంపస్ ఇంతవరకూ లేదు. మన పిల్లలు ఇడుపులపాయలో చదివారు. నడికుడి-శ్రీకాళహస్తి రైలు 309 కిలోమీటర్లు, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా. 2011-12లో మంజూరైంది. ఏ ఒక్కదాని మీదైనా మనం నెల రోజులు గట్టిగా నిలబడ్డామా?


సాగునీటి_లెక్క
2024 నవంబర్ 10, ఉదయం 8:40

నిమ్జ్ ఎవరి హయాంలో ఆగిందో కూడా రాయండి మాస్టారూ.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 10, ఉదయం 8:52

నా ప్రశ్నకి జవాబు రాలేదు. 90 శాతం గురించి.


బేల్దారి_బిడ్డ
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 1:30

నిన్నటి నుంచి చదువుతున్నా. మాది కనిగిరి పక్కన పల్లె. మా నాన్న బేల్దారి మేస్త్రీ, నేను బెంగళూరులో సెంట్రింగ్ పని చూసుకుంటా. మా వీధిలో సంక్రాంతికీ, ఎన్నికలకీ తప్ప తాళాలు తీయరు. గుంటూరు పక్క మిరపకాయ కోతలకి పోయే ఆడవాళ్లు పిల్లల్ని బడి మాన్పించి వెంటేసుకుని పోతారు.

కంభంచెరువు మాస్టారు ఓటు అమ్ముకున్నోళ్లకి నోరు లేదన్నారు. ఆ మాట మా అమ్మకి తగిలింది. ఎందుకంటే మా అమ్మ తీసుకుంది. ఎవరిచ్చారు మాస్టారూ? రాత్రి పదకొండింటికి మా గడపలోకి లిస్టు పట్టుకుని వచ్చింది ఎవరు? మా ఊళ్లో పొలాలున్న పెద్దమనుషులే. ఒక పార్టీ లిస్టు అన్న చేతిలో, ఇంకో పార్టీ లిస్టు తమ్ముడి చేతిలో. తీసుకోకపోతే మా ఓటు వాళ్లకి పడదని అనుమానం, తర్వాత పనికి పిలవరు. పంచేవాళ్లని వదిలేసి తీసుకున్నవాళ్లకి నీతులు చెప్తే ఎట్లా?

బస్సు ఛార్జీలు ఇచ్చి రప్పించారన్నారు. ఇవ్వకపోతే మేం ఏ డబ్బుతో రావాలి? రెండు రోజులు పని పోతుంది మాకు.


కంభంచెరువు
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, నేను మీ అమ్మగారిని అనలేదు. ఊళ్లల్లో జరుగుతున్నది చెప్పాను. బెంగళూరులో కూర్చుని మమ్మల్ని తప్పుబట్టడం తేలిక. ఎండలో ఇక్కడే ఉన్నవాళ్లం మేం. వెళ్లిపోయినవాళ్లు ఊరికి ఏం చేశారు? దీక్షా శిబిరంలో కూర్చోమంటే సెలవు లేదంటారు, జాతరకి మాత్రం సెలవు దొరుకుతుంది. మీలాంటి వేలమంది ఇక్కడ ఉండి ఉంటే ఈ ప్రాజెక్టు ఎప్పుడో అయ్యేది.


బేల్దారి_బిడ్డ
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 2:20

ఉండి ఏం తినాలో కూడా చెప్పండి.


పలకలబట్టీ
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 2:24

మాస్టారూ అది బాగాలేదు. పోయినోళ్లు సరదాకి పోలేదు.


బేల్దారి_బిడ్డ
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 3:10

కోపం వచ్చింది, కాస్త ఆగి రాస్తున్నా.

దీక్షా శిబిరం మాట ఎత్తారు కాబట్టి చెప్తా. నేను వచ్చా. కొన్నేళ్ల కింద వెలిగొండ కోసం మా దగ్గర టెంటు వేశారు. మా వీధి నుంచి ఆడవాళ్లని ట్రాక్టర్లో ఎక్కించారు. టెంటులో ముందు కుర్చీలు, వెనక పట్టాలు. మేం పట్టాల మీద. ఫోటో తీసేటప్పుడు ముందుకు జరగమన్నారు. మాట్లాడినవాళ్లు అందరూ ఎకరాల లెక్క చెప్పారు. నీళ్లొస్తే ఎకరం రేటు ఎంతకి పోతుందో చెప్పుకుంటున్నారు పక్కనే. మా అమ్మ లేచి, మా వీధి బోరు నీళ్లు తాగి మోకాళ్లు వంగిపోయినయ్, తాగునీటి పైపు సంగతి కూడా చెప్పండయ్యా అంటే, ముందు ప్రాజెక్టు రానీయమ్మా అన్నారు. అప్పటి నుంచి మా వీధి వాళ్లు ఏ టెంటుకీ పోలేదు.

మా అమ్మకి యాభై మూడేళ్లు. కింద కూర్చుంటే లేవలేదు. మంచం కోడు పట్టుకుని లేస్తుంది. నా పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి బెంగళూరులో గుట్కా తింటావా అని అడుగుతారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మా బడి గోడ మీద రాసి ఉండేది. ఆ గోడ కింది బోరు నీళ్లే మేం తాగాం. ఇప్పుడు క్యాన్లు కొంటున్నారు. పని దొరకని వారం క్యాను మాని మళ్లీ బోరు నీళ్లే.

మా పేరు మీద సెంటు పొలం లేదు. ఆయకట్టు మ్యాపులో మీ పొలం ఉంది, మా గొంతు లేదు. 15 లక్షల మందికి తాగునీరు అని ప్రతి ఉపన్యాసంలో మమ్మల్ని లెక్కలో కలుపుతారు. ఏ పైపు, ఏ ఊరు, ఏ ఏడాది అని ఒక్కరూ చెప్పరు. మాకు పట్టక కాదు రాకపోవడం. ఎవరి నీళ్ల కోసం కూర్చోవాలో తెలిసి రాలేదు.


ఉదయగిరి_కొండ
2024 నవంబర్ 10, మధ్యాహ్నం 3:32

ఇదీ అసలు విషయం. పొద్దున నేను అడిగిన దానికి జవాబు ఈ తమ్ముడు చెప్పాడు.


కంభంచెరువు
2024 నవంబర్ 10, సాయంత్రం 5:45

పూర్తిగా చదివాను. పొలం ఉన్నవాడు సుఖంగా ఉన్నాడని అనుకోవడం మాత్రం సరికాదు. నాకు తొమ్మిదెకరాల బత్తాయి తోట ఉండేది. కరువు ఏళ్లలో బోరు మీద బోరు వేశాను. వెయ్యి అడుగుల దగ్గర తెల్లటి పొడి వచ్చింది, తడి రాలేదు. చెట్లు చావకుండా ట్యాంకర్లతో పోయించాను, ఒక్కో మొదలుకి రెండు బిందెలు. చివరికి కట్టెల కింద కొట్టించేశాను. కొట్టిన రోజు మా ఆవిడ పొలానికి రాలేదు. మా అబ్బాయి కూడా ఊళ్లో లేడు, హైదరాబాద్‌లో ఉన్నాడు. అప్పు ఇంకా ఉంది.

పొలానికి నీళ్లొస్తేనే ఊళ్లో కూలి పుడుతుంది. ఒక ఎకరం మిరప కోయాలంటే ఎంతమంది కావాలో మీ వీధి ఆడవాళ్లకే తెలుసు. గుంటూరు పోనక్కర్లేకుండా ఇక్కడే పని దొరుకుతుంది. ముందు సాగునీరు, దాంతోపాటే తాగునీరు. విడదీసి మాట్లాడితే ప్రభుత్వం రెండూ ఇవ్వదు, మన మధ్య తగువు చూసి చేతులు దులుపుకుంటుంది. అందుకే అందరూ ఒకే గొంతుతో అడగాలంటున్నాను.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 10, సాయంత్రం 6:10

కాలవ వస్తే అన్నీ వస్తాయనే దాని మీద నా అనుభవం చెప్తా. మాది సాగర్ కుడికాలవ కింద దర్శి బ్రాంచి చివరి భూములు. కాగితం మీద ఆయకట్టు రైతుని. పైవాళ్లు వరి వేస్తారు, మా దాకా వచ్చేసరికి కాలవలో చెప్పు తడిసేంత నీళ్లు. వంతు వచ్చిన రాత్రి టార్చి లైటు, కర్ర పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకుంటాం. మా బాబాయి, పక్క ఊరి ఆయన ఆ తూము దగ్గరే కొట్టుకుని కేసులదాకా పోయారు. ఇద్దరూ ఒకే పార్టీ.

కాబట్టి కాలవ తవ్వడం ఒక ఎత్తు, అది ఎవరిదాకా పారుతుందన్నది ఇంకో ఎత్తు. వెలిగొండ కింద కూడా పైన ఉన్నోళ్లు వరి వేస్తే కనిగిరి, పామూరు దాకా ఏం మిగులుతుంది? ఇప్పుడే తేల్చుకోవాలి ఇది.


సాగునీటి_లెక్క
2024 నవంబర్ 10, సాయంత్రం 6:18

వెలిగొండ మెట్ట పంటల ప్రాజెక్టు. వరికి కాదు.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 10, సాయంత్రం 6:20

సాగర్ కింద మా భూములు కూడా ఆరుతడికే. వెళ్లి చూడండి ఏం వేస్తున్నారో.


ముంపు_ఊరు
2024 నవంబర్ 10, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నేను ఎక్కువ రాయను. మాది నల్లమల సాగర్ అనే వెలిగొండ రిజర్వాయర్లో మునిగే 11 ఊళ్లలో ఒకటి. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూడు కట్టలు కట్టారు. ఆ కట్టల లోపల 53 టీఎంసీలు నిలపాలి. లోపల మేం ఉన్నాం.

సొరంగాలు పూర్తయ్యాయి, నీళ్లెందుకు వదల్లేదని మీరు అడుగుతున్నారు. వదిలితే మా ఇళ్లలోకి వస్తాయి కాబట్టి. మాకు పరిహారం, పునరావాసం పూర్తి కాలేదు. ఈ సంగతి ఇంతసేపు చర్చలో ఒక్కరూ అనలేదు.

మా ఊరికి ఎప్పుడో ముంపు అని రాశారు. అప్పటి నుంచి కొత్త బడి లేదు, రోడ్డు లేదు. ఇల్లు కారుతుంటే బాగుచేసుకోవాలా వద్దా అని ప్రతి వానాకాలం అదే టెన్షన్. మునిగిపోయే ఊరికి పిల్లనెవరిస్తారని సంబంధాలు తప్పిపోయాయి. లెక్క రాసినప్పుడు మావాడు నిక్కరు వేసుకుని తిరిగేవాడు. ఇప్పుడు వాడికి పెళ్లయి పిల్లాడున్నాడు. ఆ లెక్క ప్రకారం వాడు ఇంకా నా కింద పిల్లాడే, వేరే కుటుంబం కాదు. ఆ కాగితం సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. సారు మారాడు, మళ్లీ మొదటి నుంచి రాయమన్నారు.

సాగునీరు ముందా తాగునీరు ముందా అని మీరు పంచుకుంటున్నారు. పంచుకునే చెరువు మా ఊరు.


పెన్న_ఒడ్డు
2024 నవంబర్ 10, రాత్రి 9:05

నిజమే. సోమశిల కింద మునిగిన ఊళ్లవాళ్లు కూడా ఇదే చెప్పేవాళ్లు. మేం వినలేదు.


సాగునీటి_లెక్క
2024 నవంబర్ 10, రాత్రి 9:12

నిర్వాసితుల డబ్బు గత ప్రభుత్వం కొంత ఇచ్చింది. ఇప్పుడున్న వాళ్లు మిగతాది ఇస్తే నీళ్లు వదలొచ్చు. అంటే తప్పు ఇప్పుడు ఎవరిది?


ముంపు_ఊరు
2024 నవంబర్ 10, రాత్రి 9:20

అయ్యా, మాకు పడని డబ్బు ఏ ప్రభుత్వం ఇచ్చినట్టు? ఆ ప్రభుత్వంలోనూ మా దగ్గరికి వచ్చి ఫోటోలు దిగారు, ఈ ప్రభుత్వంలోనూ వచ్చారు. పార్టీ గొడవ ఆపండి దయచేసి.


నిర్వాహకులు
2024 నవంబర్ 10, రాత్రి 9:30

పార్టీల పద్దు మీద ఇక రాసినవి తీసేస్తాం. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టిన ప్రాజెక్టు ఇది. ఆయన కమ్యూనిస్టు, మిగతా పార్టీల వాళ్లు కూడా ఆయన పేరు ఒప్పుకున్నారు. ఆ మాత్రం మర్యాద ఇక్కడా ఉండాలి.


కంభంచెరువు
2024 నవంబర్ 11, ఉదయం 6:30

ముంపు ఊరు అన్నా, ఈ నెలాఖరులో కలెక్టరుకి అర్జీ ఇద్దామని మేం కొందరం అనుకుంటున్నాం. అందులో మొదటి మాట నిర్వాసితులకి డబ్బు, ఇళ్ల స్థలాలు, పెద్దవాళ్లైన పిల్లల్ని వేరే కుటుంబంగా లెక్కించడం అని పెడతాను. రెండోది కాలవల పని, చివరి భూముల వాటా. మూడోది తాగునీటి పైపులు. మీరు, బేల్దారి తమ్ముడు సంతకాలకి వస్తారా?


బేల్దారి_బిడ్డ
2024 నవంబర్ 11, ఉదయం 7:50

మూడోది కాదు మాస్టారూ. ముంపు వాళ్లది మొదటిది, అది నేను కాదనను. రెండోది తాగునీళ్లు, ఊళ్ల పేర్లతో సహా రాయాలి. పొలం మూడోది. నల్లమల సాగర్‌లోకి వచ్చే మొదటి ఏడాది నీళ్లు ముందు ఫ్లోరైడ్ ఊళ్ల ట్యాంకులకే అని రాస్తే మా అమ్మ వేలిముద్ర వేస్తుంది, మా వీధి మొత్తం వేస్తుంది. రాకపోతే ట్రాక్టరు పంపొద్దు.


కంభంచెరువు
2024 నవంబర్ 11, ఉదయం 8:25

మొదటి ఏడాది నీళ్లు మొత్తం తాగడానికే అంటే రైతులు ఒప్పుకోరు తమ్ముడూ. నేను అడిగి చూస్తాను కానీ మాటివ్వలేను.


బేల్దారి_బిడ్డ
2024 నవంబర్ 11, ఉదయం 8:31

తాగడానికి మొత్తం అక్కర్లేదు. 43 టీఎంసీల్లో 15 లక్షల మంది తాగేది ఎంతని అడగండి వాళ్లని. కొద్దిగానే. ముందు అది అంటున్నా, అంతే. దానికి కూడా ఒప్పుకోకపోతే ఒకే గొంతు అన్న మాట తీసేయండి.


ముంపు_ఊరు
2024 నవంబర్ 11, మధ్యాహ్నం 12:15

డబ్బు ఖాతాల్లో పడి, కాలనీలో ఇల్లు కట్టుకునేదాకా కట్టలకి నీళ్లు వదలకూడదు. ఆ వాక్యం రాయండి. రాసిన కాగితం ఇక్కడ పెట్టండి, చదివి సంతకం పెడతాం.


ఉదయగిరి_కొండ
2024 నవంబర్ 11, మధ్యాహ్నం 12:40

మాస్టారూ, అర్జీ ఇవ్వడానికి పోయే రోజు కుర్చీలు వేస్తే అందరికీ వేయండి. ఉదయగిరి, సీతారామపురం పక్క నుంచి మేం కూడా వస్తాం. వెలిగొండ ఆయకట్టులో మా జిల్లా కూడా ఉంది.


దర్శి_ఓటరు
2024 నవంబర్ 11, మధ్యాహ్నం 1:05

చివరి భూముల వాటా తీసేయకండి. నేనూ వస్తా.